ఇక్కడ రేకుల షెడ్డు, అక్కడ మేడ

1900 అక్టోబరులో పశ్చిమ ఆస్ట్రేలియాలోని ఫ్రీమాంటిల్ రేవులో లియాంగ్ చిచావ్ ఓడ దిగాడు. చైనాలో సంస్కరణలు కావాలన్నందుకు రాజమాత సీషీ కొలువు అతని తలకు వెల కట్టింది. రెండేళ్లుగా జపాన్‌లో తలదాచుకుంటున్న మనిషి, ఉద్యమానికి చందాలు పోగుచేద్దామని ఆస్ట్రేలియా వచ్చాడు. చైనీయులున్న ఊళ్లు తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. కూరగాయల తోటల వాళ్లు, కిరాణా వర్తకులు, వడ్రంగులు వచ్చి విన్నారు, చేతనైనంత ఇచ్చారు. 1901 జనవరి 1న ఆరు వలస రాజ్యాలు కలిసి ఆస్ట్రేలియా ఒక్క దేశమైంది. ఆ సంబరాల నాటికి లియాంగ్ అక్కడే ఉన్నాడు. అదే ఏడాది డిసెంబరులో ఆ కొత్త దేశం తెచ్చిన చట్టం అతని జనానికి తలుపు మూసేసింది.

ఆ పర్యటన ముగింపుకొస్తున్న రోజుల్లో, 1901 ఏప్రిల్ 20న, టోక్యోలో అతనికి కొడుకు పుట్టాడు. పేరు లియాంగ్ సిచెంగ్. చైనా కట్టడాల చరిత్రకు పునాది వేసినవాళ్లలో మొదట చెప్పుకునే పేరు అదే.

తండ్రికి చందాలిచ్చిన తోటమాలులు, వడ్రంగులు సొంతూళ్లో ఎలాంటి ఇళ్లు కట్టుకుంటున్నారన్నది మాత్రం కొడుకు తరం పండితుల దృష్టికి రాలేదు. ఆ సంగతి పైకి రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. దాన్ని వెతుక్కుంటూ వెళ్లినవాళ్లలో ఆస్ట్రేలియా పరిశోధకులూ ఉన్నారు. చైనా సామాన్యుల ఇంటి మీద చదువు ఎలా పుట్టింది, ఎన్ని మలుపులు తిరిగింది అన్నదే ఈ కథ.

గుళ్ల నుంచి ఇళ్లకు

1919లో జు చిచియాన్ అనే మాజీ మంత్రికి నాన్‌జింగ్ లైబ్రరీలో ఒక పాత పుస్తకం చేతిరాత ప్రతి దొరికింది. పేరు యింగ్‌జావ్ ఫాషి. సోంగ్ వంశం కాలంలో, 1103లో, రాజుగారి భవనాల పనులు చూసే అధికారి లి జియె రాసిన నిర్మాణ గ్రంథం అది. దూలం ఎంత మందం ఉండాలి, స్తంభం మీద చెక్క బోదెలు ఎలా పేర్చాలి, ఏ పనికి ఎంతమంది కూలీలు పడతారు, ఎంత సరుకు పడుతుంది అన్నీ లెక్కకట్టి రాశాడు. 1925లో దాన్ని కొత్తగా అచ్చువేసినప్పుడు లియాంగ్ చిచావ్ ఒక ప్రతిని అమెరికాలో పెన్సిల్వేనియా యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదువుతున్న కొడుక్కి పంపాడు. సిచెంగ్‌కి అది కొరుకుడు పడలేదు. నిండా ఎనిమిది వందల ఏళ్ల కిందటి వడ్రంగుల పరిభాష. ఆ మాటలకు అర్థం తెలియాలంటే అప్పటి కట్టడం ఒకటి కళ్లెదుట నిలబడి ఉండాలి.

అలాంటి కట్టడాలను వెతకడానికే జు చిచియాన్ 1930లో ఒక పరిశోధనా సంఘం పెట్టాడు. మరుసటి ఏడాది సిచెంగ్, అతని భార్య లిన్ హుయియిన్ అందులో చేరారు. కంచర గాడిదల మీద, ఎడ్లబండ్ల మీద ఉత్తర చైనా ఊళ్లు తిరుగుతూ, టేపు పట్టుకుని గుళ్ల కప్పుల మీదికెక్కి కొలతలు తీసుకున్నారు. 1937 వేసవిలో షాన్షీ కొండల్లో ఫొగువాంగ్ గుడి కనిపించింది. గబ్బిలాలు, దుమ్ము నిండిన అటక కింద దూలం మీద మాసిపోయిన ఇంకు అక్షరాలున్నాయి. లిన్ వాటిని కూడబలుక్కుని చదివింది. గుడికి దానమిచ్చిన ఒకామె పేరు బయటపడింది. ఆ పేరు బయట రాతి స్తంభం మీద కూడా ఉంది, పక్కనే 857 నాటి తేదీతో. తాంగ్ కాలపు చెక్క కట్టడం చైనాలో మిగల్లేదన్న మాట ఆ రోజుతో చెల్లకుండా పోయింది.

ఆ రోజుల్లో పరిశోధన అంటే ఇదే. ఎంత పాతది, ఎంత పెద్దది అన్నవే ప్రశ్నలు. ఇళ్లు పాతవీ కావు, పెద్దవీ కావు. చెక్కా మట్టీ కలిపి కట్టిన ఇంటిని ప్రతి తరమూ మార్చుకుంటుంది, కూల్చుకుంటుంది. దూలం మీద దాతల పేర్లుండవు. అయినా దారిలో కొందరి కళ్లు ఇళ్ల మీద పడ్డాయి. 1934లో లోంగ్ చింగ్‌జోంగ్ మెత్తని పసుపుమట్టి గట్లలో తవ్వుకున్న గుహ ఇళ్ల మీద వ్యాసం రాశాడు. అదే ఏడాది షాన్షీ వెళ్లిన లియాంగ్ దంపతులు తమ నివేదికలో అక్కడి పల్లె ఇళ్లకూ కాస్త చోటిచ్చారు.

ఈ చూపును అసలు మార్చింది యుద్ధం. జపాన్ దండయాత్రతో సంఘం బీజింగ్ విడిచి మొదట యున్నాన్‌లోని కున్‌మింగ్‌కు, తర్వాత సిచువాన్‌లో లీజువాంగ్ అనే నదీతీరపు ఊరికి చేరింది. ఇన్నాళ్లూ గుళ్లకు వెళ్లే దారిలో మాత్రమే కనిపించిన పల్లె ఇళ్లలోనే ఇప్పుడు కాపురం. కున్‌మింగ్ శివారు పల్లెలో లియాంగ్ దంపతులు తమ కోసం మట్టి ఇల్లొకటి కట్టుకున్నారు. దేశం మెచ్చిన ఈ ఇద్దరు ఆర్కిటెక్టులు సొంతానికి గీసుకున్న ఇల్లు అదొక్కటే. సంఘం సభ్యుడు లియు జిపింగ్ కున్‌మింగ్ చుట్టుపక్కల కనిపించే, రాజముద్రలా నలుచదరంగా ఉండే ఇళ్లను కొలిచి వ్యాసం రాశాడు. 1944లో లీజువాంగ్‌లో వెలువడిన సంఘం పత్రికలో అది వచ్చింది. అచ్చు యంత్రం లేదు. అక్షరాలన్నీ చేత్తో రాసి, బొమ్మలు చేత్తో గీసి, రాతిముద్రణలో ప్రతులు తీసి, తామే కుట్టుకున్నారు.

యుద్ధం ముగిశాక ఈ పనిని ముందుకు నడిపినవాడు లియు దున్‌జెన్. 1953లో నాన్‌జింగ్‌లో ఆయన ఆధ్వర్యంలో ఒక పరిశోధన విభాగం ఏర్పడింది. అందులోని యువకులు అన్‌హుయ్ రాష్ట్రం హుయిజోవ్ ప్రాంతంలో మింగ్ కాలపు ఇళ్లను కొలిచి 1957లో పుస్తకం వేశారు. అదే ఏడాది దున్‌జెన్ రాసిన చైనా ఇళ్ల సమగ్ర పరిచయం వచ్చింది. నేల మీద ఇంటి ఆకారాన్ని బట్టి ఆయన ఇళ్లను తొమ్మిది రకాలుగా విడగొట్టాడు. గుండ్రటివి, నిలువు దీర్ఘచతురస్రాలు, అడ్డ దీర్ఘచతురస్రాలు, మూలమట్టం ఆకారంలో మడిచినవి, మూడు వైపులా గదులున్న లోగిళ్లు, నాలుగు వైపులా గదులున్నవి, ఈ రెండూ కలిసినవి, ఫుజియాన్‌లో హక్కా జనం కట్టిన వలయపు కోటలు, గుహ ఇళ్లు. సామాన్యుడి ఇల్లు శాస్త్రం గడప ఎక్కింది. పరిశోధనలో ప్రశ్న మాత్రం ఇంకా ఒక్కటే, ఇది ఏ రకం?

తర్వాత సాంస్కృతిక విప్లవం వచ్చి కథ ఆగింది. దున్‌జెన్ 1968లో, సిచెంగ్ 1972లో పోయారు. 1960ల మొదట్లో జెజియాంగ్ రాష్ట్రంలో తీసిన ఇళ్ల కొలతలు పుస్తకంగా రావడానికి 1984 దాకా ఆగాల్సొచ్చింది.

‘ఎందుకు’ అన్న ప్రశ్న

చైనాలో ఈ పని ఆగిన కాలంలోనే బయటి ప్రపంచంలో పల్లె ఇంటికి మర్యాద పెరిగింది. 1964లో న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో బెర్నార్డ్ రుడోఫ్‌స్కీ ఒక ఫొటో ప్రదర్శన పెట్టాడు. ఆర్కిటెక్టు అనేవాడు లేకుండా జనం కట్టుకున్న కట్టడాలే అందులో వస్తువు. చైనా గుహ ఊళ్ల విమాన చిత్రాలూ ఉన్నాయి. పైన పొలాలు, వాటి మధ్య చదరపు గోతులు, ఆ గోతుల గోడల్లో ఇళ్లు. చూసినవాళ్లు నోరు వెళ్లబెట్టారు.

ఆశ్చర్యాన్ని ప్రశ్నగా మార్చినవాడు ఆమోస్ రాపొపోర్ట్. పోలెండ్‌లోని వార్సాలో పుట్టి, మెల్బోర్న్ యూనివర్సిటీలో ఆర్కిటెక్చర్ చదివి, తర్వాత సిడ్నీ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాడు. 1969లో వచ్చిన ఆయన చిన్న పుస్తకం, ఇంటి ఆకారానికీ సంస్కృతికీ ఉన్న సంబంధం మీద రాసింది, నేటికీ విద్యార్థుల చేతుల్లో ఉంది. ఎండా వానా, చెక్కా మట్టీ ఇంటి రూపాన్ని సవరిస్తాయే తప్ప నిర్ణయించవు, నిర్ణయించేది మనుషుల జీవన విధానమూ నమ్మకాలూ అని ఆయన వాదన. సిడ్నీలో ఉన్న కాలంలోనే ఆయన ఆస్ట్రేలియా ఆదివాసుల వైపు తిరిగి, గోడలే లేని చోట కూడా మనుషులు ‘మా చోటు’ అనే భావాన్ని ఎలా నిలుపుకుంటారో రాశాడు.

ఈ వాదన బలం చూడాలంటే హుయిజోవ్ వర్తకుల ఇల్లు చాలు. మన మండువా లోగిలిలో లాగే నాలుగు వైపుల కప్పుల నీళ్లూ ఇంటి నడుమకే జారతాయి. వెలుతురు, గాలి అక్కడినుంచే. బయటి గోడలకు కిటికీలు దాదాపు ఉండవు. కారణం వానే అనుకుంటే లెక్క సరిపోతుంది. అక్కడి వర్తకుణ్ణి అడిగితే వేరే సంగతి చెబుతాడు. నీరంటే సంపద, నాలుగు దిక్కుల నీళ్లూ తన ఇంట్లోనే పడాలి, పొరుగువాడి దొడ్లోకి పోకూడదు. ఏళ్ల తరబడి వ్యాపారం మీద ఊరు విడిచి ఉండే మగవాళ్లు, ఎత్తైన గోడల వెనక ఉండిపోయే ఆడవాళ్లు, అందరికీ ఎదురుగా పూర్వీకుల పేర్లున్న చెక్క పలకలు. ఆ ఇంటి రూపం ఈ కుటుంబం నడిచే తీరులోంచి వచ్చింది. ఈ నడిమి లోగిలి మీద షింగ్ రువాన్ 2021లో ఒక పుస్తకమే వేశాడు. సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ యూనివర్సిటీలో చాలాకాలం పనిచేసిన ఆచార్యుడాయన. మూడు వేల ఏళ్లపాటు చైనా జీవితం మొత్తం, రాజు కోట నుంచి రైతు ఇంటి దాకా, లోగిలి చుట్టూనే ఎందుకు అల్లుకుందన్నది ఆ పుస్తకం విషయం. మెల్బోర్న్ యూనివర్సిటీలో చింగ్‌హువా గువో మరో దారి పట్టింది. రెండు వేల ఏళ్ల కిందటి హాన్ కాలపు ఇళ్లేవీ నేడు నిలబడి లేవు. ఆ కాలపు సమాధుల్లో మాత్రం చనిపోయినవాళ్లకు తోడుగా పెట్టిన మట్టి బొమ్మ ఇళ్లున్నాయి. వాటిలో పందుల దొడ్లు, ధాన్యపు కొట్లు, బావులు, అంతస్తుల మేడలు కనిపిస్తాయి. గువో వాటి ఆధారంగా ఆ కాలపు కట్టుబడిని చదివి 2010లో పుస్తకం తెచ్చింది.

చైనాలోనూ 1980ల నుంచి పని జోరందుకుంది. 1988లో గువాంగ్‌జోవ్‌లో లు యువాన్‌దింగ్ పూనికతో ఇళ్ల పరిశోధకుల సదస్సు జరిగింది. ఆ వరస నేటికీ సాగుతోంది. బీజింగ్‌లోని చింగ్‌హువా యూనివర్సిటీ ఆచార్యుడు చెన్ జిహువా 1989లో విద్యార్థులను వెంటబెట్టుకుని జెజియాంగ్‌లోని షిన్‌యె ఊరికి వెళ్లాడు. ఒక్కో ఇంటిని విడిగా కొలిచి లాభం లేదు, ఊరు మొత్తాన్ని, వంశవృక్షాన్ని, పంట కాలువను, గుడిని, బడిని కలిపి చదవాలి అన్నది ఆయన పట్టు. అమెరికా భూగోళ శాస్త్రవేత్త రొనాల్డ్ న్యాప్ 1986 నుంచి వరసగా రాసిన పుస్తకాలతో ఈ చదువు బయటి పాఠకులకు చేరింది.

ఆస్ట్రేలియా మట్టిలో దొరికినవి

ఇదే 1980ల్లో ఆస్ట్రేలియా పురావస్తు పరిశోధకులు తమ దేశంలోనే చైనీయుల ఆనవాళ్ల కోసం తవ్వడం మొదలెట్టారు. 1851లో విక్టోరియాలో బంగారం పడ్డాక గువాంగ్‌డోంగ్ రాష్ట్రం నుంచి వేలమంది వచ్చారు. 1855లో విక్టోరియా ఒక్కో చైనీయుడికి పది పౌన్ల పన్ను వేస్తే, ఓడలు పక్క రాష్ట్రంలోని రోబ్ రేవులో ఆగేవి. అక్కడి నుంచి జనం వందల కిలోమీటర్లు కాలినడకన బంగారు గనులకు చేరేవాళ్లు. 1873 తర్వాత క్వీన్స్‌లాండ్‌లో పామర్ నది ఒడ్డు బంగారానికి మరో వెల్లువ వచ్చింది.

ఇంతమంది వచ్చారు కదా, ఇళ్లేవి? పరిశోధకులను వెంటాడిన ప్రశ్న ఇది. దొరికినవి వేరే రకం ఆనవాళ్లు. బెండిగోలో స్థానికంగా చేసిన ఇటుకలతో కట్టి ఎర్రరంగు వేసిన గువాన్ దీ గుడి 1870ల నుంచీ నిలిచే ఉంది. నడుమ దేవుడి గది, ఒక పక్క పూర్వీకుల గది, మరో పక్క పూజారి కాపురం. అదే ఊరి ఉత్తరాన 1859లో చైనీయుల కంపెనీ ఒకటి నడిపిన ఇటుక బట్టీ 2000ల్లో తవ్వకాల్లో బయటపడింది. మెల్బోర్న్ కాలింగ్‌వుడ్‌లో 1853 ప్రాంతంలో సింగపూర్ నుంచి విడి భాగాలుగా ఓడలో వచ్చి బిగించిన చెక్క ఇల్లొకటి ఉంది. బయటికి చూస్తే మామూలు వలస కాలపు కుటీరం. చెక్కల మీద మాత్రం చైనా అక్షరాలున్నాయి. ఏ వాసం ఏ స్తంభానికి తగలాలో సింగపూర్ చైనా వడ్రంగి రాసి పంపిన గుర్తులు అవి. మెల్బోర్న్‌లో ఆ చెక్కలు బిగించినవాళ్లకు ఆ అక్షరాలు రాకపోయినా, గుర్తుకు గుర్తు జత చేసి ఇల్లు నిలబెట్టుకోవచ్చు.

పామర్ నది దగ్గర అహ్ టోయ్ అనే చైనీయుడి కూరగాయల తోటను ఇయాన్ జాక్, కేట్ హోమ్స్, రూత్ కెర్ పరిశీలించి 1984లో రాశారు. నివాసమున్న చోటు, తోటలో దారులు, నీటి ఏర్పాటు, వాడిపారేసిన సీసాలు, గిన్నెలు, అన్నీ నమోదు చేశారు. ఉత్తర ఆస్ట్రేలియా అంతటా రాళ్లు పేర్చి కట్టిన నిలువు పొయ్యిలు కనిపించాయి. మనిషి ఛాతీ ఎత్తున గుండ్రటి రాతి గొట్టం. లోపల మంట వేసి రాళ్లు బాగా వేడెక్కాక, మసాలా పట్టించిన పందిని నిలువునా వేలాడదీసి పైన మూసేస్తారు. పండుగ నాడు దేవుడికి నైవేద్యం, తర్వాత అందరికీ భోజనం. గార్డన్ గ్రిమ్‌వేడ్ 2008లో వీటి మీద వివరంగా రాశాడు. పడుకోవడానికి గుడారమూ పాకా సరిపోయిన చోట, పది కాలాలు నిలిచేలా రాతితో కట్టింది అందరూ కలిసి తినే విందు పొయ్యిని.

క్వీన్స్‌లాండ్ పీఠభూమి మీద ఆథర్టన్‌లో చైనీయుల పేట మొత్తంగా ఉండేది. వాళ్లు అడవి కొట్టి మొక్కజొన్న పండించారు. భూమి కౌలుకే తప్ప సొంతానికి దక్కలేదు. 1903లో కట్టిన హోవ్ వాంగ్ గుడి బయటికి ముడతల ఇనుపరేకుల షెడ్డు. లోపల అడుగుపెడితే చైనా నుంచి తెప్పించిన చెక్కడాలు, గంట, పూజా సామగ్రి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఆ భూములు తిరిగొచ్చిన సైనికులకు పంచారు. కౌళ్లు పోయాయి, పేట ఖాళీ అయింది. గుడి ఒక్కటీ మిగిలింది.

ఈ తవ్వకాల్లో తేలిన సంగతి ఒకటే. ఆస్ట్రేలియాలో చైనీయులు గుడి కట్టారు, దుకాణం కట్టారు, బట్టీ కట్టారు, పొయ్యి కట్టారు. సొంతూళ్లో ఉండే లోగిలి ఇంటిని మాత్రం కట్టలేదు. కారణం చట్టంలోనే ఉంది. 1901 చట్టం ప్రకారం వచ్చినవాడికి ఏదైనా యూరప్ భాషలో యాభై మాటల డిక్టేషన్ పరీక్ష పెట్టవచ్చు. ఏ భాషలో పెట్టాలో అధికారి ఇష్టం. ఈ పరీక్ష 1958 దాకా ఉంది. భార్యను తెచ్చుకునే దారి దాదాపు మూసుకుపోయింది. కోడలు, మనవలు, పూర్వీకుల పలకలు లేనిచోట లోగిలి దేనికి? ఉండడానికి రేకుల షెడ్డు చాలు. ఇల్లు కట్టాల్సింది ఊళ్లో.

మేడలున్న ఊళ్లు

ఊళ్లో నిజంగానే కట్టారు. సిడ్నీ చైనీయుల్లో చాలామంది గువాంగ్‌డోంగ్‌లో మకావ్ పక్కనున్న జోంగ్‌షాన్ జిల్లా వాళ్లు. ఆ జిల్లా జుషియువాన్ ఊరి గువో సోదరులు సిడ్నీలో అరటిపళ్ల వ్యాపారం చేసి, 1907లో హాంగ్‌కాంగ్‌లో వింగ్ ఆన్ డిపార్ట్‌మెంట్ స్టోరు తెరిచారు. అంతకుముందే 1900లో షాచోంగ్ ఊరి మా యింగ్‌బియావ్ సిన్సియర్ స్టోరు పెట్టాడు. సిడ్నీలో ఆంథొనీ హార్డర్న్ దుకాణంలో ధర చీటీలు అంటించి, బేరం లేకుండా అమ్మే తీరు చూసి నేర్చుకున్న వ్యాపారమది. తర్వాత రెండు స్టోర్లూ షాంఘైకి పాకాయి.

ఈ పెద్ద వర్తకుల వెనక పేరు తెలియని వందలాది తోటమాలులున్నారు. వాళ్లు చైనాకు వెళ్లొస్తుండేవాళ్లు. వెళ్లేముందు డిక్టేషన్ పరీక్ష మినహాయింపు పత్రం తీసుకోవాలి. దాని మీద ముందు నుంచి ఒక ఫొటో, పక్క నుంచి ఒక ఫొటో, సిరాలో ముంచి అద్దిన అరచెయ్యి. ఈ పత్రాలు వేల సంఖ్యలో ఆస్ట్రేలియా జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. కేట్ బ్యాగ్‌నల్ లాంటి చరిత్రకారులు వీటి నుంచి ఎవరు ఎప్పుడు వెళ్లారు, ఎన్నాళ్లున్నారు, తిరిగి ఎప్పుడొచ్చారు అన్నది తేల్చారు. మనిషి మీద అనుమానంతో పోగుచేసిన కాగితం, శతాబ్దం తర్వాత ఆ మనిషి ప్రయాణానికి సాక్ష్యమైంది. ఊరికి డబ్బుతోపాటు వెళ్లిన ఉత్తరాలు మరో సాక్ష్యం. అలాంటి ప్రవాసుల ఉత్తరాలను 2013లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది.

చరిత్రకారుడు మైకేల్ విలియమ్స్ జోంగ్‌షాన్ ఊళ్లనూ, అక్కడి జనం వెళ్లిన సిడ్నీ, హొనొలులు, శాన్‌ఫ్రాన్సిస్కోలనూ కలిపి చదివాడు. 2018లో వచ్చిన ఆయన పుస్తకంలో వలసపోయినవాడు కేంద్రం కాదు. అతను తిరిగి రావాలని చూసే ఊరే కేంద్రం. అదే కాలంలో వెస్టర్న్ సిడ్నీ యూనివర్సిటీలో ఇయెన్ ఆంగ్, డెనిస్ బర్న్ నాయకత్వంలో చైనా, ఆస్ట్రేలియాల మధ్య వారసత్వ నడవ అనే ప్రాజెక్టు సాగింది. బర్న్ పురావస్తు శాస్త్రవేత్త. ఆయన జోంగ్‌షాన్ ఊళ్లకు వెళ్లి, 1890ల నుంచి 1940ల దాకా వలస డబ్బుతో కట్టిన ఇళ్లను చూశాడు. పక్కింటి రైతు ఇల్లు ఒక్క అంతస్తు, పెంకు కప్పు. వలసపోయినవాడి ఇల్లు రెండు మూడు అంతస్తులు, ముందు యూరప్ తరహా స్తంభాలు, బాల్కనీ, సిమెంటు. లోపల మాత్రం పూర్వీకుల పీఠం ఉండాల్సిన చోటే ఉంటుంది. ముఖం సిడ్నీది, కడుపు చైనాది. బందిపోట్ల భయం ఎక్కువైన కాలం కాబట్టి కిటికీలకు ఇనుప చువ్వలు, గట్టి తలుపులు తప్పవు. పొరుగున కైపింగ్‌లో ఈ భయం మరీ పైకి లేచి కోట గోపురాలైంది. ఎక్కువగా బయటి దేశాల డబ్బుతో కట్టిన ఆ గోపురాలు 1,800కు పైగా మిగిలాయి. 2007లో వాటిలో కొన్నింటికి, చుట్టూ ఉన్న ఊళ్లకు యునెస్కో గుర్తింపు దక్కింది.

2020లో బర్న్ ఒక వ్యాసంలో తేల్చి చెప్పిన మాట ఈ చదువుకే కొత్త మలుపు. జోంగ్‌షాన్‌లో కనిపించే మేడ సగమే. దాని మిగతా సగం ఆస్ట్రేలియాలో, ఆ మేడకు డబ్బు పుట్టించిన తోటలో, దుకాణంలో, రేకుల గదిలో ఉంది. ఇల్లు రెండు దేశాల మీద పరుచుకుని ఉంది. ఒక దేశం పటం మీద దాని పునాది గీస్తే సరిపోదు. 2022లో వచ్చిన ఆయన పుస్తకం ఈ ఆలోచననే పెంచి రాసింది. అదే ప్రాజెక్టులో క్రిస్టఫర్ చెంగ్ ఇళ్లు వదిలి బళ్లు పట్టుకున్నాడు. ఆస్ట్రేలియా నుంచి వచ్చిన చందాలతో జోంగ్‌షాన్ ఊళ్లలో కట్టిన పాఠశాలలు అతని పరిశోధన విషయం.

ఈ మేడల తర్వాతి కథ కూడా చదువులో భాగమైంది. 1950ల మొదట్లో భూసంస్కరణల్లో చాలా ప్రవాసుల ఇళ్లను స్వాధీనం చేసుకుని పేదలకిచ్చారు. 1980ల్లో ఎన్నింటినో వారసులకు తిరిగిచ్చారు. అప్పటికి వారసులు సిడ్నీలో, వాంకూవర్‌లో స్థిరపడ్డారు. ఇంటి తాళంచెవి దూరపు బంధువు దగ్గరో పొరుగువాళ్ల దగ్గరో ఉంటోంది.

లెక్కల కాలం

ఇప్పుడు చైనా ఇళ్ల మీద వచ్చే వ్యాసాలు ఒక్క మనిషి చదవలేనన్ని. 2012లో చైనా ప్రభుత్వం సంప్రదాయ గ్రామాల జాబితా మొదలెట్టింది. ఆరు విడతల్లో అది 8,000 గ్రామాలు దాటింది. ప్రతి గ్రామానికీ సర్వే కావాలి, నివేదిక కావాలి. డ్రోన్లు, లేజర్ స్కానర్లు ఊరును కోట్ల చుక్కలుగా కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నాయి. ఎండాకాలం లోగిలిలో వేడి ఎంత తగ్గుతోందో, గుహ ఇంట్లో చలి ఎంత తక్కువో యంత్రాలు పెట్టి కొలుస్తున్నారు. లండన్‌లో బిల్ హిలియర్, జూలియెన్ హాన్సన్ 1984లో ప్రతిపాదించిన పద్ధతి ఒకటి బాగా వాడుకలో ఉంది. వీధి నుంచి వంటింటికి చేరాలంటే ఎన్ని గుమ్మాలు దాటాలి, ఏ గదికి ఎన్ని దారులు అని లెక్కకట్టి, ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో, ఎవరిని దాచిపెట్టారో ఊహించే పద్ధతి అది. వ్యాసాలే ఎక్కువైపోయాయి కాబట్టి వ్యాసాల మీద వ్యాసాలూ వస్తున్నాయి. చావోమెయ్ చెన్ తయారుచేసిన సైట్‌స్పేస్ సాఫ్ట్‌వేర్‌లో వేల శీర్షికలు వేస్తే, ఏ మాట ఏ ఏడాది ఎక్కువ వాడారో, ఎవరు ఎవర్ని ఉటంకించారో రంగుల వలగా గీసి చూపిస్తుంది. ఆకార వర్గీకరణ తగ్గింది, పర్యాటకం, పరిరక్షణ, ఇంధన పొదుపు, డిజిటల్ పద్ధతులు పెరిగాయి అని ఆ వల చెబుతుంది.

వల చెప్పేది నిజమే. అయితే వలలో పడేది అచ్చయిన మాటే. అరచేతి ముద్ర వేసి ఊరెళ్లిన తోటమాలి, అతను కట్టిన బాల్కనీ, తాళంచెవి పట్టుకుని ఉన్న దూరపు బంధువు ఆ వలలో కనపడరు. ఈ లోటును కొంత గుర్తించిన చోటొకటి ఉంది, అందులోనూ ఆస్ట్రేలియా చెయ్యి ఉంది. దక్షిణ ఆస్ట్రేలియాలోని బరా ఊళ్లో 1979లో ఆమోదించిన బరా చార్టర్, ఒక చోటు విలువ దాని రాళ్లలోనే కాక దాన్ని తమదనుకునే జనంలోనూ ఉందని చెప్పింది. 1997లో చైనా తన వారసత్వ సూత్రాలు రాసుకోవడానికి పూనుకున్నప్పుడు, అమెరికా గెట్టీ సంస్థతోపాటు ఆస్ట్రేలియన్ హెరిటేజ్ కమిషన్ సాయం తీసుకుంది. ఆ పనిలో ముందు నిలిచినావిడ షారన్ సల్లివాన్. 2000లో ఆ సూత్రాలు వచ్చాయి. 2015 సవరణలో చారిత్రక, కళా, శాస్త్రీయ విలువల పక్కన సామాజిక, సాంస్కృతిక విలువలను కూడా చేర్చారు. ఎంత పాతది, ఎంత పెద్దది అనే 1930ల ప్రశ్న పక్కన, ఇది ఎవరిది అనే ప్రశ్నకు అధికారికంగా కుర్చీ వేశారన్నమాట.

మొదటి నుంచీ ఈ చదువు ముందుకు కదిలిన ప్రతిసారీ అదే జరిగింది. యుద్ధం పండితులను పల్లె ఇళ్లలో కాపురం పెట్టించినప్పుడు, రాపొపోర్ట్ వానను పక్కనబెట్టి కుటుంబాన్ని చూపినప్పుడు, చెన్ జిహువా ఊరంతా కలిపి చదవమన్నప్పుడు, బర్న్ జోంగ్‌షాన్ మేడ చిరునామాలో సిడ్నీని కూడా రాసినప్పుడు, చూపు కట్టడం మీంచి మనిషి మీదికి జరిగింది. కొత్త పరికరాలు కొలతలను మెరుగుపరిచాయి. కొత్త సంగతులు మాత్రం మనుషుల జాడ పట్టుకున్నప్పుడే తెలిశాయి.

ఇది తెలుగు పాఠకులు వాడుకోదగ్గ పాఠం. కోనసీమలో, కరీంనగర్ జిల్లాలో గల్ఫ్ డబ్బుతో లేచిన ఇళ్లున్నాయి. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో అమెరికా డబ్బుతో కట్టినవున్నాయి. సిడ్నీ, మెల్బోర్న్‌లలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు తల్లిదండ్రుల కోసం కట్టించిన డాబాలూ ఇప్పుడు వాటికి తోడయ్యాయి. మన ఆర్కిటెక్చర్ కాలేజీల విద్యార్థులు మండువాను ఎలాగూ కొలుస్తారు, కొలవాలి కూడా. పక్క వీధిలోని ఈ కొత్త ఇంటి ముందు కూడా కాస్త ఆగి మూడు ప్రశ్నలు అడిగితే మంచిది. డబ్బు ఎక్కడినుంచి వచ్చింది, ఏటా ఎన్ని నెలలు ఇందులో ఎవరుంటున్నారు, తాళంచెవి ఎవరి దగ్గరుంది? జోంగ్‌షాన్‌లో ఈ ప్రశ్నలకు జవాబు వెతకడం మొదలయ్యేసరికి కట్టినవాళ్లలో దాదాపు ఎవరూ బతికి లేరు. మన ఊళ్లలో కట్టించినవాళ్లకు ఇవాళ ఫోన్ చేసి అడగవచ్చు.